మా అత్త కుండలోని ఈగలు

నా చిన్నప్పుడు మా పెరట్లో, మునగచెట్టు నీడన, నాలుగు కర్రల మంచె మీద బోర్లించిన కుండ ఒకటి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, ఎవరో కడిగి ఆరబెట్టి మర్చిపోయారనుకునేవారు. దగ్గరికొచ్చి, కుండ పొట్టకి ఉన్న చిన్న కన్నంలోంచి తేనెటీగలు వచ్చిపోవడం చూసి, మాట్లాడుతున్న మాట మధ్యలోనే ఆపేసి రెండడుగులు వెనక్కి వేసేవారు. ఆ కుండ మా అత్తది. మా నాన్నకి అక్క ఆవిడ. మామయ్య పోయాక కంచిలి వైపు అత్తవారి ఊరు వదిలేసి మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి నాకు నాలుగేళ్ళేమో. నేను ఆవిడ పక్కలోనే పడుకుని పెరిగాను. గుంటా అని పిలిచేది, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు.

మా ఊరు వజ్రపుకొత్తూరు దాపుల్లోనే. ఇంటి చుట్టూ కొబ్బరి, దాని అవతల జీడి తోటలు, ఇంకా అవతల ఇసక. గాలి మళ్ళితే సముద్రం హోరు వినపడేది. జీడి తోటలున్న చోట ఆడవాళ్ళకి పిక్కలు కొట్టే పని ఎప్పుడూ ఉండేది. పలాస దగ్గర బట్టీలో పిక్కలు కాల్చి రాశి పోస్తే, ఈ ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క సుత్తితో ఒక్కో పిక్కా కొట్టి, పప్పు విరక్కుండా తీయాలి. పప్పు తెల్లగానే వస్తుంది. తొక్కలో ఉండే జీడి, ఒళ్ళు కాల్చే ఆ నల్లటి రసం, మాత్రం చేతుల్ని వదలదు. బూడిద రాసుకునేవారు, కొబ్బరి నూనె రాసుకునేవారు. ఎంత రాసుకున్నా పొక్కులు లేచేవి, ఊడిపోయేవి, మళ్ళీ లేచేవి.

మా అత్త అయిదేళ్ళు ఆ పని చేసింది. నాకు తెలివి వచ్చేసరికి ఆవిడ వేళ్ళు కాలిన కట్టెపుల్లల్లా ఉండేవి. అరచేతిలో గీతలు కూడా కనిపించేవి కావు. చర్మం అంతలా గట్టిపడిపోయింది. ఒకసారి పొయ్యి మీద కాగుతున్న గంజి దాకని గుడ్డ లేకుండా పట్టుకుని దింపేసింది. మేమందరం నోళ్ళు తెరిచి చూస్తుంటే, ఏమైందో తెలియక మా మొహాలు చూసింది. ఆ తర్వాత అరచేయి తిప్పి చూసుకుని, వెళ్ళి నీళ్ళలో పెట్టుకుంది. కాలినట్టు ఆవిడకి కంటితో చూస్తేనే తెలిసింది. ఆ ఏడాదే అనుకుంటాను, ఈ చేతులు ఇంకో నాలుగేళ్ళు ఇలాగే ఉంటే ఇక దేనికీ పనికి రావని ఆవిడకి భయం పట్టుకుంది. పైకి చెప్పుకునే మనిషి కాదు. రాత్రి పడుకున్నాక వేళ్ళని ఒకదానితో ఒకటి రాసుకునేది, ఎండాకు నలిపినట్టు చప్పుడయ్యేది.

ఈగల ఆలోచన అప్పుడు పుట్టింది. అత్తవారి ఊళ్ళో ఒక ముసలాయన పెరట్లో కుండలు పెట్టి, చెట్టు తొర్రల్లో ఉండే చిన్న తేనెటీగల్ని వాటిలో నిలిపేవాడట. కోడలిగా ఉన్న రోజుల్లో ఈవిడ గోడ ఇవతలి నుంచి చూసేది. ఆ చూసిందే చదువు. పాత కుండ ఒకటి తీసుకుని, మేకుతో నెమ్మదిగా కన్నం పెట్టి, లోపలంతా మైనం రాసి, చెక్క పలక మీద బోర్లించింది.

మా నాయనమ్మ అది చూసి చేసిన వేళాకోళం ఇంతా అంతా కాదు.

"ఈగల్ని సాకుతావేటే? మరైతే దోమల్ని కూడా సాకు. పాలిత్తాయేమో సూడు."

"పాలియ్యవమ్మా. తేనిత్తాయి," అనేది అత్త, కుండ వైపు నుంచి తల తిప్పకుండా.

మొదటి ఏడాది ఆ కుండలో ఒక బల్లి కాపురం పెట్టింది. రెండో ఏడాది చీమలు. మా నాయనమ్మ రోజూ పొద్దున్నే లేచి, "బల్లి తేనె ఎంతయినాది?" అని అడిగేది. అత్తకి కోపం వచ్చేది కాదు. కుండ ఎదురుగా కూర్చుని ఎక్కడ తప్పు జరుగుతోందో చూసేది. సముద్రం గాలి సూటిగా కన్నంలోకి కొడుతోందని కనిపెట్టి, కన్నం తూర్పు నుంచి తప్పించి ఇంటి వైపు తిప్పింది. ఎండ పడుతోందని మునగచెట్టు కిందకి మార్చింది. చీమలు ఎక్కకుండా మంచె కాళ్ళు నాలుగూ నాలుగు కొబ్బరి చిప్పల్లో పెట్టి నీళ్ళు పోసింది. ఈగలు తాగడానికి వేరే ఒక మట్టి మూకుట్లో నీళ్ళు, అవి మునిగిపోకుండా నిలబడడానికి అందులో కొబ్బరి పీచు.

మూడో ఏడాది, జీడి పూత వాసన ఊరంతా నిండిన రోజుల్లో, ఒకనాటి పొద్దున్న మునగచెట్టు మీద పెద్ద రొద. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఈగలు పొగమబ్బులా తిరుగుతూ, కొన్ని కన్నం చుట్టూ వాలి, కొన్ని లోపలికి దూరుతున్నాయి. కాసేపటికి మొత్తం లోపలికి వెళ్ళిపోయాయి. అత్త మెట్టు మీద కూర్చుండిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు మా నాన్న అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. "తమ్ముడా, ఈ ఏడు నాను పిక్కలకి ఎల్లను. ఈగలు నిలబడితే ఇంకెప్పుడూ ఎల్లను. నిలబడకపోతే ఉగాది మర్నాడే ఎల్తాను. నువ్వు సెప్పక్కర్లేదు, నానే ఎల్తాను."

మా నాన్న తలెత్తి ఆవిడ చేతుల వైపు చూశాడు. మా ఇంట్లో ఎవరి కూలి ఆగినా కంచంలో తెలిసిపోయే రోజులవి. అయినా, "అలగే అప్పా," అన్నాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు. టెక్కలిలో మూలికల వైద్యం చేసే ఆయన ఒకరు, కల్తీ లేని తేనె ఎంత తెచ్చినా తీసుకుంటానని అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. ఇక ఈగలు నిలబడడమే మిగిలింది.

ఈగల పనిలో నాకూ ఒక భాగం ఇచ్చింది అత్త. చిప్పల్లో నీళ్ళు పోయడం. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇంతకు ముందు ఎవరూ నాకు ఒక పనిని నీదే అని ఇవ్వలేదు. పొద్దున ఒకసారి, ఎండెక్కాక ఒకసారి చెంబుతో వెళ్ళి చిప్పలు నింపేదాన్ని. వారానికోసారి అత్త కుండని కొద్దిగా పైకెత్తి, కింద నుంచి పొగ ఊది, లోపల తేనెపట్టు ఎంత పెరిగిందో చూసేది. పొగ తగిలితే ఈగలు మెత్తబడి పక్కకి జరిగేవి. ఆ పొగ దేనితో వేసేదో నేను పట్టించుకోలేదు. నా కళ్ళు ఎప్పుడూ పట్టు మీదే ఉండేవి. లోపల అంతమందికి తల్లి ఈగ ఒక్కటే ఉంటుందని, అది ఎటు వెళ్తే అందరూ అటేనని అత్త చెప్పింది. దాన్ని ఒక్కసారైనా చూడాలని నాకు ఆశ.

కుండలోకి ఈగలు వచ్చిన నెలకి, జీడి పళ్ళు రాలడం మొదలయింది. పిక్కల బట్టీ నుంచి మేస్త్రీ కబురు పంపాడు, పనిలోకి రమ్మని. అత్త ఆ రోజు పొద్దున్నే మంచి చీర కట్టుకుని పలాస బయల్దేరింది, ఈ ఏడు రానని మొహం మీదే చెప్పి రావడానికి. వెళ్తూ వెళ్తూ నాకు రెండుసార్లు చెప్పింది, "ఎండెక్కాక నీళ్ళు సూడు. ఇసక వేడికి బేగి ఎండిపోతాయి చిప్పలు."

నేను మర్చిపోయాను. ఎందుకు మర్చిపోయానో కూడా నాకు బాగా గుర్తుంది. పక్క తోటలో ఎర్రటి జీడి పళ్ళు రాలి ఉన్నాయి. వాటికి ఉప్పద్ది తినడానికి వెళ్ళాను. గొంతు గరగరలాడేదాకా తిని, పెదాలు జిగటగా ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. మంచె దగ్గరికి వెళ్ళాను. నాలుగు చిప్పలూ ఎండిపోయి ఉన్నాయి. ఒక కాలు మీంచి ఎర్రచీమల బారు పలక మీదకి ఎక్కి, కుండ అంచు కిందకి దూరుతోంది. కన్నం దగ్గర ఈగలు అటూ ఇటూ కంగారుగా తిరుగుతున్నాయి.

చెంబు తెచ్చి నీళ్ళు పోశాను. కింద ఉన్న చీమలు ఆగాయి, పైన ఉన్నవి పైనే ఉన్నాయి. చేత్తో దులపబోతే కరిచాయి. అప్పుడు పొగ గుర్తొచ్చింది. మా వైపు సాయంత్రమయితే పశువుల పాకలో జీడి తొక్కలు పోగేసి అంటించేవాళ్ళం. ఆ ఘాటుకి దోమ, ఈగ, చీమ ఏదీ నిలబడేది కాదు. పుట్టిన దగ్గర్నుంచి చూసిన పొగ అది. పొగ అంటే నాకు అదే. అత్త కుండకి పట్టేది కూడా పొగేగా అనుకున్నాను. పొయ్యి దగ్గర తట్టనిండా తొక్కలున్నాయి. మూకుట్లో నిప్పులు వేసి, పైన రెండు గుప్పెళ్ళ తొక్కలు పోసి, కుండ అంచు కింద పుల్ల పెట్టి కొంచెం ఎత్తి, మూకుడుని ఆ సందుకి ఆనించి పెట్టాను.

తొక్కలు చిటపటమని జీడి కక్కాయి. నల్లటి పొగ లేచింది. నా కళ్ళు మండి, నేను దగ్గుతూ వెనక్కి పడ్డాను. చీమలు నిజంగానే పోయాయి. లోపల రొద ఒక్కసారి ఆగిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ వినని చప్పుడొకటి లేచింది. కన్నంలోంచీ పలక సందుల్లోంచీ ఈగలు తోసుకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికొచ్చాయి. మునగచెట్టు పైదాకా లేచి, రెండు చుట్లు తిరిగి, కంచె దాటి వెళ్ళిపోయాయి.

నేను మూకుడు లాగి పారేసి, పాక వెనక కొబ్బరి డొక్కల పోగు చాటున దూరాను. నన్నెవరూ చూడలేదు. మా నాయనమ్మ వాకిట్లో కునుకు తీస్తోంది. వాటంతట అవే వెళ్ళిపోయాయని చెప్పొచ్చు. చీమలు పట్టి వెళ్ళిపోయాయని చెప్పొచ్చు. ఆ చిన్న బుర్రలో ఎన్ని మాటలు తయారయ్యాయో. అన్నిటి వెనకా ఒకటే కనిపిస్తోంది, ఉగాది మర్నాడు అత్త బూడిద మూట పట్టుకుని బస్సెక్కడం.

ఇంతలో పక్క తోట నుంచి గట్టిగా కేక. "ఒసే, ఆ మూల నుంచి లేగండి. ఈగలు పడ్డాయి. ఎండు కమ్మలు తెండెవరైనా." పక్క తోట మావ గొంతు అది. మా అమ్మకి వరసకి అన్న అవుతాడు. కంచె సందులోంచి చూశాను. జీడిచెట్టు వంగిన కొమ్మకి, మనిషి ఎత్తున, మా ఈగలన్నీ ఒక ముద్దగా గుమ్మడికాయలా వేలాడుతున్నాయి. ఆ చెట్ల కింద పిక్కలు ఏరుతున్న ఆడవాళ్ళు నలుగురు తట్టలు పట్టుకుని పక్కకి పోతున్నారు. తోటల్లో ఈగలు పడితే ఎండు కమ్మ అంటించి కాల్చేయడం మా వైపు అందరూ చేసేదే. కూలి మనిషిని కుడితే మర్నాడు పనికి ఎవరూ రారు.

నేను డొక్కల చాటు నుంచి లేచి రోడ్డు వైపు పరిగెత్తాను. మావ దగ్గరికెళ్ళే ధైర్యం లేదు. అత్త వచ్చే వేళయింది. తారు రోడ్డు దాకా వెళ్ళేసరికి బస్సు ఆగింది, అత్త దిగింది. మొహం తేటగా ఉంది. మేస్త్రీకి చెప్పేసి వచ్చిందని ఆ మొహం చూస్తేనే తెలిసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తా, ఈగలు ఎల్లిపోనాయి. నానే పొగ పెట్టినాను. జీడి తొక్కలు."

ఆవిడ చంకలోని సంచి కిందకి జారి రోడ్డు మీద పడింది. కొడుతుందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. ఆవిడ వంగి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"కళ్ళు తెరు. మండతన్నాయేటి? నలపకు. నలిపితే జీడి లోపలికెల్తాది."

రోడ్డు పక్క కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి నా కళ్ళు కడిగింది. ఆ గరుకు వేళ్ళతో రుద్దలేదు, దోసిట్లో నీళ్ళు పట్టి కొట్టింది. తర్వాతే అడిగింది, ఎటెళ్ళాయని. పక్క తోటలో ఉన్నాయనీ, మావ కాల్చేస్తున్నాడనీ చెప్పాను. సంచి అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని గబగబా నడిచింది. దారిలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చీమల సంగతీ, చిప్పల సంగతీ నేనే ఏడుస్తూ చెప్పుకుపోయాను.

మేం వెళ్ళేసరికి మావ చేతిలో కమ్మ ఉంది, ఇంకా అంటించలేదు. అగ్గిపెట్టె కోసం చొక్కా తడుముకుంటున్నాడు.

"బావా, ఆ కమ్మ దించీ. మీసాలకి అంటుకుంటాది," అంది అత్త.

"ఈగలు నీయా? పేరు రాసున్నాదేటి వాటి మీద?"

"రాసున్నాదో లేదో దగ్గరికెల్లి సూడు."

ఆడవాళ్ళు నవ్వారు. మావకీ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "నాను ఆటాడతన్నానా? ఈళ్ళు అంబలి తాగి లేసేదాకా ఊరుకుంటాను. అప్పటికి తీసీకపోతే కాల్సేత్తాను. ఒకర్ని కుడితే రేపు నా తోటకి ఎవులొత్తారు?"

చోడి అంబలి, అదే రాగి జావ, తాగడానికి ఎంత సేపు పడుతుంది. అత్త నన్ను ఇంటికి తరిమింది. పాత కుండ జీడి కంపు కొడుతుంది, అందులోకి అవి మళ్ళీ రావు, కొత్త కుండ కావాలి. పాత పట్టులో పిల్లలున్న ముక్క ఒకటి కోసి తేవాలి. తల్లి లేకపోయినా పిల్లల్ని చూసి ఈగలు ఆగుతాయట. మా ఇంట్లో కొత్త కుండ ఒక్కటే ఉంది. వేసవికి నీళ్ళు పోసుకుందామని మా నాయనమ్మ కాశీబుగ్గ నుంచి ఏరి తెచ్చుకున్న కుండ. అడగడానికి నాకు నోరు రాలేదు. కునుకు నుంచి లేచిన నాయనమ్మ నా మొహం చూసింది, ఖాళీ అయిన మంచె వైపు చూసింది. లేచి, కుండ తెచ్చి, తనే మేకు పెట్టి రాయితో నెమ్మదిగా టకటకమని కొట్టి కన్నం తీసింది. పగల్లేదు. "బేగి పో," అంది. ఆ వేసవంతా మాత్రం చల్లటి నీళ్ళు అడిగిన వాళ్ళందరికీ చెప్పింది, తన కుండకి అత్తాకోడళ్ళిద్దరూ కన్నం పెట్టించారని.

పాత కుండలోంచి నేను కోసి తెచ్చిన పట్టు ముక్కని అత్త అరటి నారతో వెదురు పుల్లకి కట్టి, ఆ పుల్లని కుండలో అడ్డంగా బిగించింది. తర్వాత నన్ను మట్టితో చేతులు తోముకోమంది. వాసన చూసి, మళ్ళీ తోముకోమంది. తడిపిన తువ్వాలు నా జుట్టు చుట్టూ కట్టింది. అప్పటిదాకా నాకు అర్థం కాలేదు.

"నువ్వే తియ్యాలి," అంది.

నేను వెనక్కి జరిగాను.

"నా సేతి ఏళ్ళకి తెలీదే గుంటా. నలుగుతున్నాదో లేదో తెలీదు. ఒక్కటి నలిగితే ఆ వాసనకి అన్నీ మీద పడతాయి. నీ ఏళ్ళకి తెలుస్తాది."

"నాకు బయ్యం అత్తా."

"నాకూ బయ్యమే. కుండ నాను పట్టుకుంటాను. ఎక్కడికీ ఎల్లను."

ఆవిడ కుండ నోరు పైకి ఉండేలా రెండు చేతులతో ముద్ద కింద పట్టుకుంది. నా మొహానికి ఆవిడ మొహం జానెడు దూరంలో ఉంది. అరచేతులు కలిపి, నీళ్ళలో ముంచినంత నెమ్మదిగా ఆ ముద్ద కిందకి పోనిమ్మంది. పోనిచ్చాను. నేననుకున్నట్టు ముళ్ళలా లేదు. వెచ్చగా ఉంది. అప్పుడే నూర్చిన ధాన్యంలో చేతులు పెట్టినట్టుంది, కాకపోతే గింజ గింజా కదులుతోంది. ప్రతి కాలూ నా చర్మం మీద తెలుస్తోంది. వేళ్ళ సందున ఒకటి ఇరుక్కుంటే తెలిసింది, వేళ్ళు కొంచెం విప్పాను, అది జారి పోయింది. దోసెడు తీసి కుండలోకి వంచాను. మళ్ళీ దోసెడు. ఒకటి వచ్చి నా మెడ మీద కుట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేతులు మాత్రం కదల్చలేదు. అత్త అది చూసింది. కుండ దించి నా మెడ చూడబోలేదు. "ఊఁ," అంది, అంతే.

ఎన్ని దోసిళ్ళు తీశానో లెక్క లేదు. అంబలి తాగుతున్న ఆడవాళ్ళు మాటలు మానేసి చూస్తున్నారు. ఖాళీ అయిన గిన్నెలు పట్టుకుని అలాగే కూర్చున్నారు, ఒక్కరూ లేవలేదు. వాళ్ళలో పెద్దావిడ, "మావా, ఉల్లిపాయుందేటి? అంబలి ఇంకా శానా మిగిలిపోనాది," అని అడిగింది. గిన్నె బోర్లించినా చుక్క రాలదు. మావకి అది కనిపిస్తూనే ఉంది. కమ్మ పక్కన పడేసి, వంగిన కొమ్మ ఊగకుండా చివర పట్టుకుని నిలబడ్డాడు.

అత్త పలక మూతపెట్టి, కుండని బోర్లించి చెట్టు మొదట్లో పెట్టింది. సగం ఈగలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. తల్లి ఈగ లోపల పడిందా, కొమ్మ మీదే ఉందా, ఎవరికీ తెలియదు. మేమందరం కన్నం వైపే చూస్తున్నాం. కొన్ని ఈగలు బయటికొచ్చి, కన్నం అంచు మీద తలలు లోపలికి పెట్టి, రెక్కలు విసరడం మొదలుపెట్టాయి. కొమ్మ మీద మిగిలినవి ఒకటొకటిగా దిగి, ఆ రెక్కల పక్క నుంచి బారులు తీరి లోపలికి నడిచాయి. అత్త నేల మీద చతికిలబడి, "పిలుత్తన్నాయి. తల్లి లోపలే ఉన్నాది," అంది. అప్పుడు నా మెడ తిప్పి ముల్లు తీయించింది, ఆ అంబలి పెద్దావిడ గోరుతో.

పొద్దు వాలాక అన్నీ లోపలికి చేరాయి. అత్తా నేనూ కుండని పలకతో సహా మోసుకొచ్చి మంచె మీద పెట్టాం. చిప్పల్లో నీళ్ళు నేను పోశాను. నువ్వు పొయ్యకు అని అత్త అనలేదు. ఇవాళ నేను పోస్తాలే అని కూడా అనలేదు. చెంబు నా చేతికి అందించింది. పొగకి ఏం వాడుతుందో ఆ వారం చూపించింది. ఎండిన కొబ్బరి పీచు, అది కూడా మంట లేకుండా రాజేసి, చల్లారిన పొగ. చెప్పకపోవడం నా తప్పే అని అంది, అది కూడా మామూలుగా, పని మధ్యలో.

ఆ రోజు మా నాన్న ఇంటికొచ్చేసరికి సంగతి ఊరంతా తిరిగి ఆయన చెవిలో పడింది. అన్నం ముందు కూర్చుని, "ఏటప్పా, ఈగలు ఎల్లిపోనాయంట?" అని అడిగాడు. నేను తలుపు చాటున ఉన్నాను.

అత్త కూర వడ్డిస్తూ చెప్పింది. "మా గుంట తరిమేసినాది. మా గుంటే మళ్ళీ తెచ్చినాది."

మా నాన్న నా వైపు చూశాడు. వాచిన నా మెడ చూశాడు. "సర్లే, రా, తిను," అన్నాడు.

నాలుగో రోజు పొద్దున, ఈగలు కాళ్ళకి పచ్చటి ముద్దలు అంటించుకుని కన్నంలోకి దూరడం చూశాం. కొబ్బరి పువ్వు పుప్పొడి. పిల్లలకి తిండి మోస్తున్నాయంటే ఇక కదలవని అత్త చెప్పింది. ఉగాది వచ్చింది, మర్నాడూ వచ్చింది. పలాస బస్సు మా ఊరి దగ్గర ఆగి వెళ్ళిపోయింది. అత్త పెరట్లో రెండో కుండకి మైనం రాస్తోంది.

ఆవిడ మళ్ళీ పిక్కలకి వెళ్ళలేదు. ఏడాది తిరిగేసరికి పొక్కులు పోయాయి. గట్టి చర్మం పొరలు పొరలుగా ఊడి, కింద నుంచి లేత చర్మం వచ్చింది. ఇంకో ఏడాదికి ఒకనాడు నా తలకి నూనె రాసి దువ్వుతూ చిక్కు దగ్గర చెయ్యి ఆపింది. అంతకు ముందు నేను అమ్మా అని అరిస్తేనే ఆపేది. ఆ రోజు నేనింకా ఏమీ అనలేదు. తర్వాత ఆవిడ వేళ్ళతోనే నెమ్మదిగా ఆ చిక్కు విప్పింది. మా పక్క తోట మావ కూడా కొన్నాళ్ళకి, పూతకాలంలో ఒక కుండ తన కంచె వారన పెట్టమని అడిగాడు. ఈగలు తిరిగిన చెట్లకి కాపు బాగుందని ఆయనే అన్నాడు. నీ పేరు రాయించుకుని పెట్టుకో బావా, అంది అత్త.

ఇప్పుడు నేను మా అత్త ఆనాటి వయసు దాటి ఎన్నేళ్ళయిందో. మా పెరట్లో కుండలు పోయి చెక్క పెట్టెలొచ్చాయి. మా కోడలు నా కన్నా బాగా చూస్తుంది వాటిని. ఎవరైనా కొత్తగా మొదలుపెడతామని వస్తే నీడ చూపిస్తాను, గాలి వాటం చూపిస్తాను, పొగకి ఏది వాడకూడదో ముందే చెప్తాను, ఎందుకో కూడా దాచుకోకుండా చెప్తాను.

ఇవన్నీ చేతి పనులు. మనసులో మాత్రం ఆ రాత్రి కూర వడ్డిస్తూ మా అత్త అన్న ఆ రెండు మాటలే ఉండిపోయాయి. మొదటి మాట దాచి నన్ను కాపాడొచ్చు, దాచలేదు. రెండో మాట మింగేసి నన్ను ఏడిపించొచ్చు, మింగలేదు. రెండూ ఒకే గొంతుతో అంది. ఇన్నేళ్ళలో ఎంతమంది నా దగ్గర కూర్చుని చెప్పుంటారు, ఫలానా కోడలు ఇలా చేసింది, ఫలానా పిల్ల ఇలా పాడు చేసిందని. నేను మొత్తం వింటాను. కాదనను. వాళ్ళు చెప్పడం ఆపి, ఇక నేనేమంటానా అని చూస్తున్నప్పుడు అడుగుతాను, "మరి ఆ తరవాతేటి సేసినాది?" అని.

చాలామంది ఆ మాటకి ఆగిపోతారు. అక్కడి దాకా వాళ్ళు చూసి ఉండరు.